హమ్మాదీ చూపిన ఊరు

అల్ వాసిల్ బంకు దాటినంక
నాలుగు టైర్లల్ల గాలి దించుత.
పద్దెనిమిది కాడ ముల్లు ఆగాలె.
ఎక్కువుంటె ఇసుక బండిని మింగుతది,
మరీ తక్కువైతె రిమ్ము టైరును కక్కుతది.
ఈ సంగతి నాకు ఎవలూ చెప్పలె,
మొదటేడు మూడుసార్లు దిగబడి
పారతోని తవ్వి తవ్వి నేర్చిన.

ఇయ్యాల వెనుక సీట్ల జర్మనీ ముసలమ్మ, ఆమె చెల్లె,
ఫోను దించని కొరియా జంట.
పొద్దుగాల నిజ్వా కోట చూపిన.
"ఈ తూట్లల్లకెళ్లే మరిగిన ఖర్జూరపు పాకం
శత్రువుల నెత్తి మీద పోసేటోళ్లు..."
ఈ మాట కాడికి రాంగనే అందరు నోరు తెరుస్తరు.
పదకొండేండ్ల సంది అదే మాట, అదే తెరుచుడు.
నాకు మాత్రం ప్రతిసారి
ఆకలైతది.

రాత్రి, క్యాంపుల,
వచ్చినోళ్లు చుక్కలు లెక్కబెట్టుకుంట పండినంక
వంటింటెనుక గ్యాసు సిలిండర్ల పక్కన
హమ్మాదీ గంజు బోర్లేసి దాని మీద కూసుంటడు.
ఊరు ఫెజ్. పని మాకు వండుడు.
ఆయన అరబ్బీ ఈడి అరబ్బులకే సగం తెల్వది,
నాకు తెలిసింది ఇంకో సగం.
మా ఇద్దరి నడుమ బేరం ఒక్కటే:
నేను చాయ్ పెట్టాలె,
ఆయన ఊరు చూపాలె.

వేలుతోని ఇసుక మీద గీస్తడు.
ఇది దర్వాజ. బైటికెళ్లి చూస్తె నీలం,
లోపటికెళ్లి చూస్తె ఆకుపచ్చ.
"చెప్పులు ఇడువాల్నా?" అంట.
"నడువు" అంటడు.
ఇంకో గీత. రెండు భుజాలు రెండు గోడలకు
రాసుకునేంత సందు.
"బాలాక్! బాలాక్!"
గాడిదొస్తుంది, జరుగమని
మోచేతితోని నన్ను నూకుతడు.
నేను నిజంగనే జరుగుత.

తోళ్లు నానేసే తొట్లు
బొటనవేలుతోని గుంతలు గుంతలు పొడుస్తడు.
ఇండ్ల పసుపు, ఇండ్ల ఎరుపు,
ఇండ్ల పావురాల రెట్ట.
కంపుకు తట్టుకోవని
వంటింట్లకెళ్లి పుదీన రెమ్మ తెచ్చి
నా ముక్కు కింద పెడ్తడు.
చూడొచ్చినోళ్లకు ఆడ గట్లనే ఇస్తరంట.

ఒకనాడు అడిగిన:
మీ దిక్కు గూడ దిబ్బలున్నయంట గద?
మెర్జూగా అన్నడు. ఎర్రగుంటయన్నడు.
పోయినవా?
తల అడ్డం ఊపిండు.
ఎడారి చూసుడు పైసలున్నోళ్ల పనంట.
ఇగో, గీ ఎడారికైతె
జీతమిచ్చి మరీ తోలుకొచ్చిండ్రు, అని
పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు.

మరి నీ ఇల్లు? ఎన్నడూ గీయవేంది?
సందు గీసిండు. మలుపు గీసిండు.
నల్లా కాడ ఇంకో మలుపు.
ఆడ వేలు ఆగింది.
చానాసేపు ఆగింది.
ఎడమకా, కుడికా అన్న.
చాయ్ సల్లారింది, అన్నడు.

తెల్లారి చూస్తె
గాలి మొత్తం ఊడ్చింది.
దర్వాజ లేదు, తొట్లు లేవు,
గంజు అడుగు గుండ్రం ఒక్కటి
సగం మిగిలింది.

బండెక్కంగ జర్మనీ ముసలమ్మ అడిగింది:
ఇన్ని ఊర్లు మందికి చూపెడ్తవు,
నువ్వెన్నడన్న టూరు పోయినవా?
"ఫెజ్" అన్న. నోట్లకెళ్లి అదే ఒచ్చింది.
ఇంక గాడిదలు తిరుగుతున్నయా ఆడ?
తిరుగుతయి.
జరుగకపోతె నూకుతయి.
మోచెయ్యి చూపిన.
ఆమె వంగి, కండ్లద్దాలు సదురుకొని,
నిజంగ చూసింది.

ముందట దిబ్బ ఒచ్చింది.
గట్టిగ పట్టుకోండ్రి, అన్న.